కెన్యాలో దిగిన మొదటి నాలుగు రోజులు: సభ పెట్టాలా, ఆగాలా?

ప్రశ్న: వందనాలండి. మాది రాయగడ. మా సంఘం నుంచి తొమ్మిదిమందిమి ఆగస్టులో కెన్యా వెళ్తున్నాం, కకమెగా దగ్గర ఒక సంఘానికి. పన్నెండు రోజులు. అక్కడి పాస్టరుగారితో చాలాకాలంగా ఫోన్లో ప్రార్థనలు జరుగుతున్నాయి గానీ ఎవరమూ నేరుగా కలుసుకోలేదు. మా సంఘ పాస్టరు అయ్యగారికి 62 ఏళ్లు. జట్టులో ఒక నర్సు, ఇద్దరు కాలేజీ అమ్మాయిలు ఉన్నారు. మా పెద్దలు కార్యక్రమం వేసేశారు: దిగిన సాయంత్రమే మైదానంలో స్వస్థత సభ, రెండో రోజు పిల్లల కూటం, మందుల పంపిణీ, మూడో రోజు ఉపవాస ప్రార్థన, నాలుగో రోజు విక్టోరియా సరస్సులో బాప్తిస్మాలు. యూత్ సెక్రటరీని కాబట్టి ఏర్పాట్లన్నీ నా మీద పడ్డాయి. ఇది మరీ ఎక్కువనిపిస్తోంది, పెద్దలకు చెప్పలేకపోతున్నాను. మొదటి రోజులు ఎలా గడపాలి? ఏం తీసుకెళ్లాలి? మా డోలక్ పట్టుకెళ్లొచ్చా?

సమాధానం: సోదరీ, వందనాలు. మీకు అనిపించింది నిజమే. మీ పెద్దలు వేసిన నాలుగు రోజుల కార్యక్రమంలో ఒక్కటి కూడా వేసిన రోజున, వేసిన పద్ధతిలో జరగకపోవడమే మంచిది. వాళ్ల ఆసక్తిని తప్పు పట్టడం లేదు. కానీ మొదటి నాలుగు రోజులు అతిథులుగా ఉండాల్సినవి, పరిచర్య ఆ తర్వాత. మీ నోటితో చెప్పడం ఇబ్బందైతే కమిటీలో ఈ జవాబు చదివి వినిపించండి.

ముందు ప్రయాణం లెక్క చూడండి. రాయగడ నుంచి విశాఖకు రైలు, విశాఖ నుంచి ముంబయికి విమానం, అక్కడ పడిగాపులు, ముంబయి నుంచి నైరోబీకి దాదాపు ఆరు గంటలు. అక్కడితో అయిపోలేదు. కకమెగా దేశానికి పడమటి కొసన ఉంది. నైరోబీ నుంచి కిసుముకు మళ్లీ విమానం ఎక్కితే గంటలోపు, రోడ్డున వెళ్తే ఒక పగలంతా. కిసుము నుంచి కకమెగా సుమారు 50 కిలోమీటర్లు. ఇంటి గడప దాటిన దగ్గర్నుంచి లెక్కేస్తే ముప్పై గంటలు దాటుతుంది. కెన్యా గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. అక్కడ సాయంత్రం ఏడు అంటే మీ ఒంటికి రాత్రి తొమ్మిదిన్నర. ఆ వేళకి మైదానంలో మైకు పట్టుకునే అయ్యగారికి 62 ఏళ్లు, రెండు రాత్రుల నిద్ర బాకీ. తెల్లవారుజామున మూడింటికే అందరికీ మెలకువ వచ్చేస్తుంది. అందుకే మొదటి రోజుల్లో ఏం పెట్టుకున్నా ఉదయం పెట్టుకోండి. సాయంత్రాలు వదిలేయండి.

ఉదయమే అనడానికి ఇంకో కారణం వాన. కకమెగా వైపు ఏడాదిలో ఎక్కువ కాలం మధ్యాహ్నం దాటాక ఉరుములతో వాన పడుతుంది. ఆగస్టు అందుకు మినహాయింపు కాదు. మూడు గంటలకు షామియానా కింద సభ మొదలుపెడితే నాలుగుకి బురద. భూమధ్యరేఖ దగ్గర కాబట్టి ఏ నెలలోనైనా ఆరున్నర, ఏడు మధ్యలో పొద్దుగూకుతుంది. చీకటి కూడా మన దగ్గరలా మెల్లగా కాక ఒక్కసారిగా పడుతుంది. చీకటి పడ్డాక రోడ్డు ప్రయాణం వద్దు. ఇది జట్టు నియమంగా కాగితం మీద రాసుకోండి.

మా సలహా ఇది. గురువారం నైరోబీలో దిగేలా టికెట్లు తీసుకోండి. ఆ రాత్రి నైరోబీలోనే ఏదైనా చర్చి గెస్ట్ హౌస్‌లో పడుకోండి. నైరోబీ సుమారు 1,800 మీటర్ల ఎత్తున ఉంది, ఆగస్టులో రాత్రులు చలిగా ఉంటాయి. మీ కొరాపుట్ డిసెంబరు స్వెట్టర్ పైనే ఉంచుకోండి. శుక్రవారం ఉదయం బయల్దేరి సాయంత్రం ఐదులోపు కకమెగా చేరండి. శనివారం ఏ కార్యక్రమమూ లేదు: బట్టలు ఉతుక్కోవడం, పాస్టరుగారి కుటుంబంతో కూర్చోవడం, ఊళ్లో నడక, అంతే. ఆదివారం వాళ్ల ఆరాధనలో కూర్చోండి, పిలిస్తే లేచి వందనాలు చెప్పండి. మీ పరిచర్య సోమవారం నుంచి. అప్పటికీ మీకు వారం మిగిలే ఉంటుంది.

శనివారం ఖాళీ అంటే మీ పెద్దలు ఒప్పుకోరని తెలుసు. ‘ఇంత ఖర్చు పెట్టుకుని వెళ్లి కూర్చోవడమా’ అంటారు. జట్టు పని పాడయ్యేది ఎక్కువగా ఆ రోజు లేకపోవడం వల్లే. ఎవరు సంఘ పెద్ద, ఎవరు కోశాధికారి, స్త్రీల సమాజం ఎవరి చేతిలో ఉంది, పక్క సంఘంతో ఏమైనా పేచీ ఉందా అన్నవి ఫోన్లో తెలియవు. వంటింటి దగ్గర కూరగాయలు తరుగుతూ కూర్చున్న మీ అమ్మాయిలకు గంటలో తెలిసిపోతాయి. ఆదివారం వేదిక మీద ఎవరి పేరు ముందు చెప్పాలో అయ్యగారికి తెలిసేది శనివారం కూర్చుంటేనే.

ఇక వేసిన నాలుగు కార్యక్రమాల సంగతి.

స్వస్థత సభ, ఉపవాస ప్రార్థన అన్న మాటలు పోస్టర్ల మీద నుంచి తీసేయండి. 2023 ఏప్రిల్‌లో కెన్యా తూర్పు తీరాన కిలిఫి కౌంటీలోని షకహోలా అడవిలో, తిండి మానేసి చనిపోతే క్రీస్తును చూస్తారని ఒక బోధకుడు నమ్మించిన జనం శవాలు బయటపడ్డాయి. తవ్వగా తవ్వగా 400కి పైగా తేలాయి, వాటిలో పిల్లలవీ ఉన్నాయి. కకమెగాకి అది చాలా దూరం, మీ సంఘానికి దానితో ఏ సంబంధమూ లేదు. అయినా పరాయి దేశం నుంచి వచ్చిన బోధకులు ఉపవాసమనీ, రోగాలు పోతాయనీ ప్రకటిస్తే పోలీసులూ, అక్కడి సంఘాల పెద్దలూ ఏ కళ్లతో చూస్తారో ఊహించుకోండి. మీరు మీ గదిలో ఉపవాసముండి ప్రార్థించుకోవచ్చు, రోగి ఇంటికి వెళ్లినప్పుడు చెయ్యి పట్టుకుని ప్రార్థించవచ్చు. ఆరుబయట సభకైనా, మైకుకైనా ముందుగా తెలియజేయడం, అనుమతి తీసుకోవడం అక్కడి సంఘం పని. ‘పర్మిషన్ తీసుకున్నారా?’ అని ఫోన్లో అడిగితే తీసుకుంటాం అంటారు. కాగితం ఫొటో పంపమనండి.

మందుల పంపిణీ పూర్తిగా మానేయండి. మీ నర్సు ఇక్కడ ఎంత అనుభవమున్నదైనా అక్కడి నర్సింగ్ కౌన్సిల్ లైసెన్సు లేకుండా ఇంజెక్షన్ ఇవ్వడం, మాత్రలు పంచడం చట్టవిరుద్ధం. పైగా సూట్‌కేసు నిండా మాత్రలుంటే విమానాశ్రయంలోనే ప్రశ్నలు మొదలవుతాయి. ఆవిడ అసలు పని మీ తొమ్మిదిమంది ఆరోగ్యం చూడటం. అది చిన్న పనేమీ కాదు, కిందకి వస్తే తెలుస్తుంది.

పిల్లల కూటం మంచిదే, సోమవారానికి జరపండి. ఒక్క షరతు: పిల్లల ఫొటోలు తీసి ఆ రాత్రే స్టేటస్‌లో పెట్టకండి. తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. మాసిన బట్టల పిల్లలను వెతికి తీసిన ఫొటో ఆ సంఘంవాళ్ల ఫోన్లకూ చేరుతుంది. మన ఊరి పిల్లల ఫొటో ఎవరో అలా పెడితే మనకెలా ఉంటుందో అలాగే ఉంటుంది వాళ్లకూ.

సరస్సు బాప్తిస్మాల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. విక్టోరియా సరస్సు తీరంలో బిల్హార్జియా అనే జబ్బు ఉంది. నీళ్లలోని ఒక రకం నత్తల నుంచి కంటికి కనపడని పురుగులు బయటికొచ్చి మనిషి చర్మం గుండా లోపలికి పోతాయి. నీళ్లు తాగనక్కర్లేదు, మోకాళ్ల లోతులో కొద్ది నిమిషాలు నిలబడినా చాలు. కొందరికి ఆ రోజే దురద పుడుతుంది, చాలామందికి ఏమీ తెలియదు. వారాల తర్వాత జ్వరం, కడుపునొప్పి, మూత్రంలో గానీ మలంలో గానీ రక్తం కనబడొచ్చు. రాయగడలో ఏ డాక్టరుకీ ఆ జబ్బు వెంటనే తట్టదు, ఎందుకంటే అది మన దగ్గర దాదాపు లేదు. మందు ఉంది, ప్రాజిక్వాంటెల్ అంటారు, కానీ ముందు అనుమానం రావాలి కదా. ఒడ్డున నీటి ఏనుగులు తిరగడం సరేసరి. అసలు అక్కడివాళ్లకు బాప్తిస్మం ఎప్పుడివ్వాలో, ఎవరికివ్వాలో నిర్ణయించాల్సింది వాళ్ల పాస్టరు. నాలుగు రోజుల క్రితం దిగిన అతిథులకు అందులో ఏం పని? ఆయన పిలిస్తే వెళ్లి చూడండి, ఒడ్డునే నిలబడండి. కాళ్లు కడుక్కోవడానికని కూడా దిగకండి.

దీనితో ముడిపడిన మరో సంగతి. మీ ఉత్తరం చదివితే సువార్త వినని చోటికి వెళ్తున్నట్టు ఉంది. కెన్యా 2019 జనాభా లెక్కల్లో క్రైస్తవులు 85 శాతం దాటారు. కకమెగాకి దగ్గర్లోని కైమోసిలో క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ల మిషన్ 1902లో మొదలైంది, ఇవాళ ప్రపంచంలో ఏ దేశంలోనూ లేనంతమంది క్వేకర్లు కెన్యాలోనే ఉన్నారు. జర్మనీలోని బ్రెక్లం నుంచి మన కొరాపుట్ వైపు జైపూర్ ప్రాంతానికి మిషనరీలు వచ్చింది 1882లో. అంటే రెండు చోట్లా సంఘాల వయసు ఇంచుమించు ఒకటే, అక్కడివాళ్లు మనకు తమ్ముళ్లేం కాదు. మొదటి ప్రసంగంలో ‘చీకటిలో ఉన్న మీకు’ అని మొదలుపెడితే అనువాదకుడు సిగ్గుతో ఆ ముక్క మింగేస్తాడు.

అనువాదం అన్నాం కాబట్టి: అయ్యగారు తెలుగులో చెబితే మీలో ఒకరు ఇంగ్లీషులోకి, అక్కడివాళ్లు స్వాహిలీలోకి మార్చాలి. కువి భాష మాట్లాడే గూడేల్లో తెలుగు నుంచి ఒడియాకి, ఒడియా నుంచి కువికి మార్చుతూ వాక్యం చెప్పిన అలవాటు మీకుంది, అదే పద్ధతి. అరగంటలో అసలు ప్రసంగం పది నిమిషాలే. కాబట్టి పది నిమిషాలకు సరిపడా రాసుకోండి. ఒక్కో వాక్యం ఏడెనిమిది మాటలు దాటొద్దు. ప్రాసలు, సామెతలు, ‘కాకినాడ కాజా’ లాంటి జోకులు పనిచేయవు. వాక్యభాగం అధ్యాయం, వచనం నంబర్లతో రెండు రోజుల ముందే వాట్సాప్‌లో పంపితే వాళ్లు స్వాహిలీ బైబిల్లో గుర్తుపెట్టుకుని ఉంచుతారు. అనువాదకుడికి శనివారమే ఒక గంట ఇవ్వండి.

ఆదివారం ఆరాధన మూడు, నాలుగు గంటలు సాగొచ్చు. అతిథులను ఒక్కొక్కరినీ లేపి పలకరించమంటారు. ‘బ్వానా అసిఫివే’ (ప్రభువుకు స్తోత్రం) అని మీరంటే జనం ‘ఆమెన్’ అంటారు, తర్వాత మీ పేరు, ఊరు, ఒక్క మాట, కూర్చోండి. తొమ్మిదిమందీ సాక్ష్యం మొదలుపెడితే మధ్యాహ్నం దాటిపోతుంది. ఆడామగా అందరూ చేతులు కలుపుతారు, మీ అమ్మాయిలు ముందే తెలుసుకుని ఉంటే ఇబ్బంది పడరు. మోకాళ్ల కిందికి వచ్చే పావడా గానీ చుడీదార్ గానీ చాలు. తలమీద చున్నీ వేసుకుంటే ఏ సంఘంలోనూ తప్పు పట్టరు.

చెప్పులు మాత్రం విప్పకండి. మన గుళ్లలో గుమ్మం దగ్గర విడిచి చాప మీద కూర్చుంటాం. అక్కడ బెంచీలు, చెప్పులతోనే లోపలికి. మర్యాదకని విప్పి మట్టినేల మీద నడిస్తే జిగ్గర్ అనే చిన్న పురుగు కాలివేళ్ల సందుల్లో, గోటి పక్కన చర్మంలోకి దూరుతుంది. దురద, తర్వాత మధ్యలో నల్లచుక్కతో తెల్లటి బొడిపె. పిన్నీసుతో పెరికి పుండు చేసుకోకుండా క్లినిక్‌లో తీయించుకోవాలి. స్నానానికి వెళ్లేటప్పుడు కూడా రబ్బరు చెప్పులు వేసుకోండి.

టైము దగ్గర ఒక చిక్కు ఉంది. స్వాహిలీలో గంటలు పొద్దున ఆరు నుంచి లెక్కపెడతారు. వాళ్ల రెండో గంట అంటే ఉదయం ఎనిమిది. ఎవరైనా స్వాహిలీలో టైము చెప్పి దాన్ని ఇంగ్లీషులోకి మారిస్తే ఆరు గంటలు అటూఇటూ అయిపోతుంది. ‘పొద్దున టీకి ముందా, తర్వాతా?’ అని అడిగి ఖాయం చేసుకోండి.

ఆరోగ్యం దగ్గరికి వద్దాం. అన్నిటికంటే ముందు ఎల్లో ఫీవర్ టీకా. కెన్యా నుంచి వచ్చేవాళ్ల దగ్గర ఆ టీకా వేయించుకున్నట్టు చూపే పసుపు కార్డు లేకపోతే తిరిగి ఇండియాలో దిగినప్పుడు ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెడతారు. ఈ విషయం పెద్దగా మొహమాటం లేకుండా అమలు చేస్తారు. టీకా వేయించుకున్న పదో రోజు నుంచే కార్డు చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. మీకు దగ్గరగా విశాఖలోని పోర్ట్ హెల్త్ కార్యాలయం, లేదంటే హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్. వారంలో ఫలానా రోజులనే వేస్తారు కాబట్టి ఫోన్ చేసి, పాస్‌పోర్టు పట్టుకుని వెళ్లండి. మీ అయ్యగారి సంగతి వేరు. ఇది బతికున్న వైరస్ టీకా. 60 దాటినవాళ్లకు తీవ్రమైన దుష్ఫలితాల ప్రమాదం కొంచెం ఎక్కువ. గర్భిణులకు, గుడ్డు పడనివాళ్లకు కూడా జాగ్రత్త కావాలి. ఆయన బీపీ, సుగర్ మందుల చీటీలతో డాక్టరును ముందు కలవాలి. వద్దని డాక్టరు రాసిస్తే ఆ పత్రం పట్టుకెళ్లొచ్చు గానీ తిరిగొచ్చాక క్వారంటైన్ తప్పకపోవచ్చు. టికెట్లు కొనే ముందే ఇది తేలాలి.

మలేరియా. ‘రాయగడ కొండల్లో పుట్టినవాళ్లం, మాకు మలేరియా కొత్తా’ అనే ధీమా మీ జట్టులో ఎవరికో ఒకరికి ఉంటుంది. పదేపదే మలేరియా వచ్చేచోట పెరిగినవాళ్లకు ఒంట్లో కొంత తట్టుకునే శక్తి ఏర్పడే మాట నిజమే, కానీ అది పూర్తి రక్షణ కాదు. కొన్నేళ్లు టౌనులో ఉంటే అదీ తగ్గిపోతుంది. కిసుము, కకమెగా ప్రాంతం కెన్యాలో మలేరియా ఎక్కువగా ఉండే చోటు. ప్రాణం మీదికి తెచ్చే ఫాల్సిపారం రకమే అక్కడ ప్రధానం. క్లోరోక్విన్ దానికి పనిచేయదు, ఇంట్లో మిగిలిన పాత స్ట్రిప్పులు పట్టుకెళ్లకండి. ముందుజాగ్రత్త మాత్రలు డాక్టరు రాస్తేనే వాడాలి. బిసంకటక్ క్రిస్టియన్ ఆసుపత్రి లాంటి, మలేరియా రోజూ చూసే చోట అడగడం మేలు. డాక్సిసైక్లిన్ 100 మిల్లీగ్రాములైతే ప్రయాణానికి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, అక్కడున్నన్ని రోజులూ, తిరిగొచ్చాక నాలుగు వారాలూ రోజుకొకటి. మీ పన్నెండు రోజులకు మనిషికి 42 మాత్రలు. తిన్నాక నిండు గ్లాసు నీళ్లతో వేసుకోవాలి, వెంటనే పడుకుంటే గొంతులో, ఛాతీలో మంట. ఎండకు చర్మం కమిలిపోతుంది కాబట్టి టోపీ కావాలి. గర్భిణులకు ఇవ్వరు. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ అయితే తిరిగొచ్చాక ఏడు రోజులు చాలు, 21 మాత్రలు, కానీ ఖరీదెక్కువ. జనం చేసే తప్పు ఒక్కటే: ఇల్లు చేరగానే మానేయడం. కాలేయంలో దాక్కున్న క్రిములు రక్తంలోకి వచ్చే వేళకి మందు ఉండాలనే ఆ మిగిలిన రోజులు.

మలేరియా దోమ పొద్దుగూకిన దగ్గర్నుంచి తెల్లారేదాకా కుడుతుంది. మీ పెద్దలు సభ పెట్టిన వేళ సరిగ్గా అదే. సాయంత్రం పొడుగు చేతుల చొక్కా, సాక్సులు, ఒంటికి దోమల క్రీము, రాత్రి దోమతెర. తెర అంచులు పరుపు కిందికి దోపాలి. కుట్టిన తర్వాత జ్వరం రావడానికి కనీసం వారం పడుతుంది. కాబట్టి దిగిన మూడో రోజే చలిజ్వరం వస్తే అది కెన్యాది కాదు, రాయగడ నుంచి మోసుకెళ్లిందై ఉండొచ్చు. ఏదైనా సరే అదే రోజు రక్తపరీక్ష చేయించాలి. తిరిగొచ్చాక మూడు నెలల్లోపు జ్వరం వస్తే డాక్టరు దగ్గర మొదటి మాట ‘కెన్యా వెళ్లొచ్చాను’ అన్నదే కావాలి.

విరేచనాలు మొదటి వారంలో ఒకరిద్దరికి తప్పవు. లీటరు నీళ్లలో కలిపే ఓఆర్ఎస్ ప్యాకెట్లు మనిషికి మూడు చొప్పున 27 పెట్టుకోండి. కాచిన నీళ్లు లేదా సీలున్న సీసా నీళ్లు మాత్రమే తాగాలి, పళ్లు తోముకోవడానికి కూడా అవే. జ్వరంగానీ రక్తంగానీ ఉంటే విరేచనాలు ఆపే మాత్ర వేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇవన్నీ మీ నర్సు చేతిలో ఉండాలి, ఎవరి సంచిలో వారు కాదు.

భోజనం దగ్గర మీకు పెద్ద కష్టం ఉండదు. ఉగాలి అంటే ఉప్పు లేని మొక్కజొన్న సంకటి అనుకోండి, పక్కన సుకుమా వికీ అనే ఆకుకూర, చికెన్, బీన్స్, చపాతీ, పాలు పోసిన టీ. భోజనానికి ముందు ఇంట్లోవాళ్లు చెంబుతో చేతుల మీద నీళ్లు పోస్తారు. కుడిచేత్తో తినడమే. కారం ఉండదు. పచ్చడి పట్టుకెళ్తే సీలు వేసిన చిన్న సీసా, చెకిన్ సామానులో. చేతి సంచిలో పెడితే విశాఖలోనే తీసేస్తారు. ఎండుకొబ్బరి చెకిన్‌లో కూడా వద్దు, నూనెకు నిప్పంటుకుంటుందని అనుమతించరు. వడ్డించినంత తినలేకపోతే ముందే కొంచెం పెట్టమనండి, పళ్లెంలో వదిలేస్తే బాగోదు. ఆ ఇంటివాళ్లు మీకోసం కోడిని కోశారంటే వాళ్లు ఆ వారం కోడి తినరేమో, అది గుర్తుంటే చాలు.

సామాను సర్దేటప్పుడు అందరూ మరిచేది ప్లాస్టిక్ కవర్లు. కెన్యాలో 2017 ఆగస్టు 28 నుంచి ప్లాస్టిక్ క్యారీబ్యాగులు నిషేధం, జరిమానా భారీగా ఉంటుంది. మనం చెప్పులు ఒక కవర్లో, తడి బట్టలు ఒక కవర్లో, స్వీట్లు షాపు కవర్లో సర్దుతాం. అన్నీ గుడ్డసంచుల్లోకి మార్చండి. ముంబయి డ్యూటీఫ్రీ కవరు కూడా విమానంలోనే వదిలేయండి. ప్లగ్ పాయింట్లు మూడు చదరపు కాళ్లవి, మన చార్జర్లు దూరవు. తొమ్మిదిమందికి నాలుగు అడాప్టర్లు, రెండు మల్టీప్లగ్గులు చాలు. పవర్‌బ్యాంకు చేతి సంచిలోనే. పంచడానికని పాత బట్టల మూటలు మాత్రం కట్టకండి. అక్కడి సంతల్లో అవి గుట్టలుగా అమ్ముతారు, మీరు తెచ్చినవాటికి కస్టమ్స్‌వాళ్లు సుంకం అడుగుతారు.

వీసా బదులు 2024 జనవరి నుంచి ఈటీఏ అనే ఆన్‌లైన్ అనుమతి తీసుకోవాలి. ఫీజు మనిషికి సుమారు 30 డాలర్లు. ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే కట్టండి, దాన్ని పోలిన దళారీ సైట్లు రెట్టింపు లాగుతాయి. పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువుండాలి. ఆతిథ్యమిచ్చే సంఘం లెటర్‌హెడ్ మీద ఆహ్వాన పత్రం, బస చేసే చిరునామా, తిరుగు టికెట్ ప్రింటు ప్రతి ఒక్కరి చేతిలో విడివిడిగా ఉండాలి. కౌంటరు దగ్గర ఒకరు ‘టూర్’ అని, ఒకరు ‘మీటింగ్స్’ అని, ఒకరు ‘ఫ్రెండ్ ఇంటికి’ అంటే తొమ్మిదిమందినీ పక్కన కూర్చోబెడతారు. ఉన్నది ఉన్నట్టు, అందరూ ఒకేమాట: సంఘాన్ని దర్శించడానికి, పన్నెండు రోజులకు. నెలల తరబడి ఉండి పనిచేసే మిషనరీలకు వేరే పర్మిట్ ఉంటుంది. మీరు చేయబోయే పనులకు ఈటీఏ చాలా, స్పెషల్ పాస్ అనే తాత్కాలిక అనుమతి కావాలా అన్నది అక్కడి పాస్టరుగారు ఇమిగ్రేషన్ ఆఫీసులో ముందే అడిగి చెప్పాలి.

డబ్బు. డాలర్లలో నగదు మనిషికి 3,000 దాకా తీసుకెళ్లవచ్చు, మీకు అంత అక్కర్లేదు. కొత్త సిరీస్ 50, 100 నోట్లు, ముడతలు లేనివి తీసుకోండి. పాతవాటికీ, చిన్నవాటికీ రేటు తగ్గిస్తారు, ఒక్కోచోట తీసుకోరు. నైరోబీ విమానాశ్రయంలోనే పాస్‌పోర్టు చూపించి ఒక సిమ్ తీసుకుని ఎం-పెసా తెరిపించుకోండి. టీకొట్టు నుంచి ఆసుపత్రి దాకా చెల్లింపులన్నీ దానిమీదే. ఆ ఫోను జట్టు కోశాధికారి దగ్గర ఉంటుంది.

ఇవ్వడం గురించి ఒక నియమం: మొదటి నాలుగు రోజులూ ఎవరికీ డబ్బు ఇవ్వకూడదు, మాట కూడా ఇవ్వకూడదు. దీనికి ఒకే మినహాయింపు మీ భోజనాల ఖర్చు. తొమ్మిదిమందికి రోజుకు మూడుపూటలంటే ఆ ఇంటికి మోయలేని బరువు. రోజుకింత అని ఫోన్లోనే మాట్లాడుకుని చేరిన సాయంత్రమే పాస్టరమ్మగారి చేతికి ఇవ్వండి. మిగతావి ఆగాలి. ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరో ఒకావిడ మీ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని కూతురి స్కూలు ఫీజు గురించి చెబుతుంది. అబద్ధం కాకపోవచ్చు. మీ కళ్లలో నీళ్లు తిరుగుతాయి, ‘చూస్తామమ్మా’ అంటారు. మనకది ఓదార్పు మాట, ఆవిడకు ఖాయమైన హామీ. మర్నాటికి పదిమంది వస్తారు. మీరు వెళ్లిపోయాక ఆ పదిమందికీ జవాబు చెప్పుకోవాల్సింది పాస్టరుగారు. అందుకే తొమ్మిదిమందీ ఒకే జవాబు నేర్చుకోండి: ‘మీ కోసం ప్రార్థిస్తాను. సహాయం సంగతి పాస్టరుగారితో మాట్లాడండి, మేం విడిగా ఏమీ ఇవ్వడం లేదు.’ జట్టు కానుక ఒకే కవరులో, చివరి రోజు, సంఘ కోశాధికారికి, రసీదుతో. ‘నెలనెలా పంపుతాం’ అని అయ్యగారు వేదిక మీద అనకుండా మీరే గుర్తుచేయండి. రిజిస్టరైన సంఘం ఖాతాలోంచి విదేశానికి డబ్బు పంపడం మీ ఆడిటరు, బ్యాంకు ఒప్పుకుంటే తప్ప అయ్యే పని కాదు.

మీ అమ్మాయిలిద్దరికీ, మీకూ, నర్సుగారికీ బస ఒకేచోట, లోపలి గడియ ఉన్న గదిలో ఉండాలి. విడివిడి ఇళ్లలో పడుకోబెడతామంటే మర్యాదగా వద్దనండి. చీకటి పడ్డాక బయటి మరుగుదొడ్డికి ఇద్దరిద్దరుగా, టార్చితో వెళ్లండి. బోడాబోడా అనే మోటారుసైకిల్ టాక్సీలు జట్టులో ఎవరికీ వద్దు, యాత్రికులకు పెద్ద ప్రమాదాలు జరిగేది రోడ్డు మీదే. పన్నెండు రోజులకూ తెలిసిన డ్రైవరుతో ఒక వ్యాను మాట్లాడుకోండి.

ఇక పెద్దలతో ఎలా చెప్పాలన్నారు కదా. కార్యక్రమం రద్దు అనకండి. అక్కడి పాస్టరుగారికి ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగండి: ఈ వారంలో మీ సంఘంలో ఏ పనులు ముందే ఉన్నాయి? వాటిలో మేం ఎక్కడ చెయ్యి వేస్తే బాగుంటుంది? మేం చేస్తే మీకు ఇబ్బందయ్యేవి ఏమిటి? మూడోదానికి జవాబు నెమ్మదిగా వస్తుంది, ఆగండి. ఆయన చెప్పినవి రాసి ఆయన పేరుమీదే కమిటీకి చదవండి. ఆడపిల్ల చెబితే వినని పెద్దలు కూడా ఆతిథ్యమిచ్చే దైవజనుడి మాట కాదనలేరు.

డోలక్ ఇంట్లోనే ఉంచండి. అది చేతి సామానులో పట్టదు, చెకిన్‌లో వేస్తే తోలు పగలొచ్చు, తోలువస్తువని కస్టమ్స్‌లో విప్పించవచ్చు. కకమెగాలో డప్పులకు కరువు లేదు. అక్కడి ఇసుఖా, ఇదాఖో జనం వాయించే ఇసుకుటి డప్పుల నృత్యాన్ని యునెస్కో 2014లో తన జాబితాలో చేర్చింది. మీ వాయిద్యకారుడు శనివారం వాళ్ల కుర్రాళ్ల పక్కన కూర్చుంటే ఆదివారానికి ఒక దరువు పట్టుకుంటాడు. తాళాలు ఒక జత మాత్రం పట్టుకెళ్లండి, బట్టల మధ్య చుట్టి, చెకిన్ సామానులో.